మామయ్యగారి రెండు పెగ్గులు, అత్తయ్యగారి మజ్జిగ: ఓడలోకి ఏం తీసుకెళ్ళొచ్చు?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. గుంటూరు నుంచి మా అత్తయ్య, మామయ్యగారు వచ్చారు. వచ్చే నెల గాల్వెస్టన్ నుంచి మెక్సికో వైపు వెళ్ళే రాయల్ కరీబియన్ ఓడలో ఐదు రాత్రుల క్రూజ్ బుక్ చేశాం. ఒక గదిలో మేమిద్దరం, ఆరేళ్ళ బాబు, పది నెలల పాప. పక్క గదిలో పెద్దవాళ్ళు. మామయ్యగారికి రోజూ రాత్రి భోజనానికి ముందు రెండు పెగ్గుల విస్కీ అలవాటు. షుగర్ మాత్రలు కూడా వేసుకుంటారు. ఓడలో మందు ధరలు చూసి మావారికి గుండె గుభేలుమంది. ఆయన స్నేహితుడు ఒకరు ‘మౌత్‌వాష్ సీసా కడిగి విస్కీ పోసి పెద్దావిడ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టేయండి, ఎవరూ చూడరు’ అంటున్నారు. అత్తయ్యగారేమో కాచి చల్లార్చిన నీళ్ళు, మజ్జిగ లేకపోతే ఉండలేరు. చిన్న కరెంటు కెటిల్ అప్పుడే సర్దేసుకున్నారు. ఏవి తీసుకెళ్ళొచ్చు, ఏవి కూడదు? మామయ్యగారికి ఈ సంగతి ఎవరు, ఎలా చెప్పాలి? దారిలో ఓడ ఆగే కొజుమెల్‌లో సీసా కొనుక్కోవచ్చా? నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దు, టెక్సాస్

సమాధానం: అమ్మా, ఆ మౌత్‌వాష్ సీసా ఆలోచన ఈ రోజే మానేయమని మీవారికి చెప్పండి. మిగతావాటికి తీరిగ్గా ఏదో ఒక దారి చూసుకోవచ్చు గానీ దీని విషయంలో మాత్రం నాది ఒకటే మాట.

గాల్వెస్టన్‌లో కారు దిగగానే పెద్ద పెట్టెలన్నీ పోర్టర్లకు ఇచ్చేస్తారు. ఒక్కో పెట్టెకూ ప్రయాణికుల పేరు, గది నంబరు ఉన్న ట్యాగ్ తగిలించి ఉంటుంది. అక్కణ్ణుంచి అవి ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్తాయి. చీరల మధ్య ఉన్నా, చెప్పుల్లో దూర్చినా, సీసా తెర మీద సీసాలాగే కనిపిస్తుంది. ఈ ఎత్తు వాళ్ళకు కొత్త కూడా కాదు. నీళ్ళ సీసాలు, సోడా సీసాలు, మౌత్‌వాష్ సీసాలు పరీక్షించి, మందు ఉంటే పారేస్తామని రాయల్ కరీబియన్ తన నియమాల్లో పేరుపెట్టి మరీ రాసింది.

అనుమానం వచ్చిన పెట్టె గదికి రాదు. కింది అంతస్తులో సెక్యూరిటీ వాళ్ళ దగ్గర ఆగిపోతుంది. ట్యాగ్ మీద పేరున్న మనిషి వెళ్ళి, తాళం తీసి, వాళ్ళ ఎదుట తెరవాలి. ఆ పేరు ఎవరిదో చూడండి. మీ అత్తయ్యగారిది. బాగా ఊహించుకోండి: సాయంత్రమైంది, ఓడ కదిలింది, అందరి పెట్టెలూ గుమ్మాల ముందుకొచ్చేశాయి, ఆవిడది మాత్రం రాలేదు. మార్చుకోవడానికి చీర లేదు, రాత్రి వేసుకోవాల్సిన మాత్రలు అందులోనే ఉన్నాయి. చివరికి పిలుపు వచ్చాక ఓ పెద్దావిడ, జీవితంలో మందు ముట్టని మనిషి, యూనిఫాం వేసుకున్న ఇద్దరి ముందు నిలబడి తన చీరల మడతలు విప్పి, లోపలి సీసా బయటికి తీయాలి. తనకు రాని భాషలో వాళ్ళు ఏదో అడుగుతుంటారు. ఆవిడకు ఆ సీసాలో ఏముందో కూడా తెలిసి ఉండదు. యాభై డాలర్ల విస్కీ కోసం ఆవిడను అక్కడ నిలబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. సలహా ఇచ్చిన స్నేహితుడు ఇంట్లో కూర్చుని ఉంటాడు, అక్కడ నిలబడేది ఆవిడ.

ఇది కంపెనీ నియమమే, పోలీసు కేసు కాదు. మామూలుగా సీసా తీసేసుకుని పెట్టె ఇచ్చేస్తారు. తీసేసుకున్నది మాత్రం తిరిగి రాదు. మరీ ఎక్కువ తెచ్చినా, గొడవపడినా ఓడ ఎక్కనివ్వకపోయే హక్కు, దారిలో దింపేసే హక్కు వాళ్ళకు ఉన్నాయి.

‘దొరక్కుండా వెళ్ళినవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు’ అని ఆ స్నేహితుడు అంటాడు. ఉన్నారు, కాదనను. కానీ వాళ్ళు చేసిన పనికి డబ్బులు చెల్లిస్తున్నది మనమంతా. ఒకప్పుడు కార్నివల్ అనే ఇంకో కంపెనీ ఓడల్లోకి నీళ్ళ సీసాల కట్టలు తెచ్చుకోనిచ్చేవారు. వాటిలో నీళ్ళు పారబోసి వోడ్కా, తెల్ల రమ్ము నింపుకొచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఒక్కో సీసా తనిఖీ చేయలేక 2015 జూలై నుంచి ఇంటి నుంచి తెచ్చే నీళ్ళ సీసాలనే ఆపేశారు. పిల్లల తల్లులు, మందులు వేసుకునే ముసలివాళ్ళు, అందరికీ పోయింది ఆ సౌకర్యం. ఇంకొకటి. బార్‌లో పోసేవాడు ఎంత పోశాడో అతనికి తెలుసు, మనిషి తూలుతుంటే ఆపేస్తాడు. గదిలో మౌత్‌వాష్ మూతతో కొలుచుకుంటే ఎవరికీ లెక్క ఉండదు. కదిలే ఓడలో, బాల్కనీ ఉన్న గదిలో, షుగర్ ఉన్న పెద్దాయన విషయంలో నాకు ఆ లెక్క కావాలి.

ఇక తీసుకెళ్ళగలిగినవి. మీరు ఎక్కే ఓడలో, ఎక్కే రోజున, 21 ఏళ్ళు దాటిన ఒక్కొక్కరూ సీలు తీయని 750 మి.లీ. వైన్ లేదా షాంపేన్ సీసా ఒకటి తెచ్చుకోవచ్చు. విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు ఏవీ కుదరవు. అట్టపెట్టె వైన్ కూడా వద్దు. మద్యం లేనివైతే గదికి పన్నెండు డబ్బాలు లేదా కార్టన్లు, ఒక్కోటి సుమారు 500 మి.లీ. మించకూడదు. మీకు రెండు గదులు కాబట్టి ఇరవై నాలుగు. ఇవన్నీ పోర్టర్‌కు ఇచ్చే పెట్టెలో కాకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి. తనిఖీలో అడిగితే తీసి చూపిస్తారు, అయిపోతుంది. నియమాలు మధ్యలో మారుస్తూ ఉంటారు గనుక బయల్దేరే వారం మీ బుకింగ్ పేజీలో ఇంకోసారి చూసుకోండి.

ఆ ఇరవై నాలుగింటినీ కోక్‌తో నింపేయకండి. ఇండియన్ స్టోర్లో చిన్న బాదం పాల డబ్బాలు, మామిడి రసం టెట్రా ప్యాకెట్లు, అట్టడబ్బాల్లో కొబ్బరి నీళ్ళు దొరుకుతాయి. బాబుకు అవి, పెద్దవాళ్ళకు కొబ్బరి నీళ్ళు. ఎండలో కొజుమెల్ తిరిగొచ్చాక ఓడలో ఎంత వెతికినా దొరకనివి ఇవే. నిమ్మరసం, ఐస్‌టీ, పొద్దున పూట జ్యూసులు, పాలు, మామూలు కాఫీ, టీ మీ టికెట్లోనే కలిసి ఉంటాయి. వాటికోసం సంచీలో చోటు దండగ. ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు వేసుకోండి, పొడికి ఏ అభ్యంతరమూ లేదు.

పాప పాలకు ఈ పన్నెండు లెక్క అడ్డు రాదు. పాలపొడి డబ్బా, కలిపి సీలు చేసి అమ్మే పాలు, పాపకోసం సీలు తీయని డిస్టిల్డ్ వాటర్ తీసుకెళ్ళండి. నిద్రలో శ్వాస యంత్రం వాడేవాళ్ళకూ ఆ నీటికి ఇదే మినహాయింపు. ఓడలో పాప బ్రాండు దొరుకుతుందనుకోకండి. ఐదు రోజులకు సరిపడా, పైన రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు, మామయ్యగారి విస్కీ. మీవారిని భయపెట్టినది బహుశా డ్రింక్ ప్యాకేజీ, అంటే రోజుకు ఇంత అని ముందే కట్టి ఎన్ని గ్లాసులైనా తాగే పద్ధతి, దాని ధర అయి ఉంటుంది. అది వద్దు. ఎందుకంటే ఒక గదిలో పెద్దవాళ్ళలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే ఆ గదిలో 21 దాటిన అందరూ కొనాలనే నియమం ఉంది. అంటే మామయ్యగారి రెండు పెగ్గుల కోసం మజ్జిగ తాగే అత్తయ్యగారికి కూడా కట్టాలి. ఫోన్ చేసి బతిమాలితే ఆవిడకు సోడా, జ్యూసుల ప్యాకేజీతో సరిపెట్టిన సందర్భాలు ఉన్నాయి గానీ మీకు ఆ అవసరమే లేదు.

లెక్క చూడండి. ప్యాకేజీ రోజుకు 70 డాలర్లు ఉందనుకుందాం, దానిపైన 18 శాతం టిప్పు వేస్తారు. ఐదు రోజులకు ఒక మనిషికి 413, ఇద్దరికి 826 డాలర్లు. విడిగా కొంటే పెగ్గు 13 డాలర్లు అనుకుంటే టిప్పుతో 15 పైచిలుకు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మన ఇళ్ళలో రెండు పెగ్గులంటే చాలామందికి రెండు లార్జ్‌లు, అంటే 120 మి.లీ. అమెరికా బార్లలో మామూలుగా పోసేది సుమారు 44 మి.లీ. కాబట్టి మామయ్యగారి రెండు పెగ్గులు అక్కడ దాదాపు మూడు. రోజుకు మూడు లెక్కన వేసినా ఐదు రాత్రులకు 230 డాలర్లు. ప్యాకేజీతో పోలిస్తే మూడో వంతు కూడా కాదు. ధరలు మీ ఓడలో కొంచెం అటూ ఇటూ ఉన్నా ఈ తేడా తారుమారు కాదు. రోజుకు ఆరేడు గ్లాసులు తాగేవాళ్ళకు ప్యాకేజీ గిట్టుబాటు అవుతుంది. రెండు పెగ్గులవాళ్ళకు కాదు.

మామయ్యగారికి చెప్పాల్సింది మీరు కాదమ్మా, మీవారు. మామగారితో మందు మాట కోడలు ఎత్తడం మీకూ ఇబ్బందే, ఆయనకూ చిన్నతనమే. తండ్రీకొడుకులు ఇద్దరే ఉన్నప్పుడు, ప్రయాణానికి వారం ముందే, తేలిగ్గా చెప్పమనండి: ‘నాన్నా, సీసా తీసుకెళ్ళనివ్వరు. నీ విస్కీ బార్‌లో తాగుదువు గాని, నేనూ వచ్చి కూర్చుంటా.’ ఆయన మొదట అడిగేది ధరే. డాలర్లు విని లోపల రూపాయల్లోకి మార్చుకుంటారు. ఒక పెగ్గు వెయ్యి దాటిందని తెలిస్తే ‘నాకేం వద్దురా, ఐదు రోజులు మానేస్తే చచ్చిపోతానా’ అంటారు. అన్నాక సాయంత్రమయ్యేసరికి ముభావంగా కూర్చుంటారు. అందుకని ముందే ఆయన గది పేరున రెండు వందల యాభై డాలర్లు ఆన్‌బోర్డ్ క్రెడిట్‌గా కట్టేయండి. ఇది బయల్దేరకముందే కొనుక్కోవచ్చు. ‘నీ లెక్కలో డబ్బు వేసేశాం, కార్డు చూపిస్తే చాలు’ అంటే అది నిజమే అవుతుంది, ఆయనా బిల్లు చూసి బాధపడరు. విడిగా మందు సరదాకు మీ ఇద్దరూ తెచ్చుకునే వైన్ సీసాలు ఎలాగూ ఉంటాయి. గదిలో తాగితే పర్లేదు. భోజనశాలకు పట్టుకెళ్తే సీసా తెరిచిపెట్టినందుకు రుసుము వేయొచ్చు, ముందు అడిగి తీసుకెళ్ళండి.

ఒక జాగ్రత్త మాత్రం పెద్దాయన డాక్టర్‌ని అడిగి తీరాలి. షుగర్ మాత్రల్లో కొన్ని వేసుకుని ఖాళీ కడుపుతో తాగితే చక్కెర బాగా పడిపోవచ్చు. ఓడ ఊగుతుందని వేసుకునే వాంతి మాత్రలు విస్కీతో కలిస్తే మత్తు బాగా పెరుగుతుంది. మొదటి రాత్రి సముద్రం ఎలా ఉందో చూసి, ఏదన్నా తిన్నాక తాగితే మంచిది.

అత్తయ్యగారి కెటిల్ బయటికి తీయించండి. నీళ్ళు మరిగించే రాడ్డు, ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ కూడా అంతే. నీళ్ళు కాచే, వంట చేసే, ఇస్త్రీ చేసే కరెంటు వస్తువులు గదిలో ఒప్పుకోరు. సముద్రం మధ్యలో నిప్పు అంటుకుంటే పరిగెత్తడానికి చోటుండదు. ఈ నియమం విషయంలో నేను వాళ్ళ పక్షమే. వేడినీళ్ళు కాఫీ, టీ పెట్టేచోట కుళాయిలో వస్తాయి. మంచి ఫ్లాస్కు ఒకటి ఖాళీగా తీసుకెళ్తే పొద్దున ఒకసారి నింపుకొని రోజంతా వాడుకోవచ్చు. బ్రూ పొట్లాలు ఆ సంచిలోనే పడేయండి, వేడిపాలు అడిగితే ఇస్తారు.

ఆ నీళ్ళు మంచివేనా అని ఆవిడ అడుగుతారు కదా. ఇది చెప్పండి. ఓడలు రేవులో నింపుకున్న నీటితో పాటు సముద్రపు నీటిని కూడా వాడతాయి. దాన్ని ఆవిరి చేసి చల్లార్చి గానీ, సన్నటి పొరల గుండా ఒత్తిడితో వడగట్టి గానీ ఉప్పు తీసేస్తారు. ఆ తర్వాత క్లోరిన్ కలుపుతారు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను ఆ దేశపు వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ వాళ్ళు చెప్పకుండా వచ్చి తనిఖీ చేస్తారు. నీళ్ళు, వంటగది అన్నీ చూసి వందకు మార్కులేస్తారు. 86 వస్తేనే పాస్. ఏ ఓడకు ఎన్ని వచ్చాయో సీడీసీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మీ ఓడ పేరు కొట్టి ఆ మార్కులు ఆవిడకు చూపించండి. కాచి చల్లార్చిన నీళ్ళను నమ్మే మనిషికి ఆవిరి పట్టిన నీళ్ళంటే నచ్చుతుందని నా నమ్మకం. అయినా మనసొప్పకపోతే ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టి చల్లారబెట్టుకోమనండి, ఎవరూ కాదనరు. సీసా మూతి మాత్రం కుళాయికి తగలకుండా గ్లాసుతో పట్టి పోసుకోవాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి పాకేది ఇలాంటి చోట్లే. భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడగాలి, ఆ వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌ను శానిటైజర్ సరిగా చంపదు.

మజ్జిగ ఇంటి నుంచి సీసాలో పోసి తీసుకెళ్ళాలని చూడకండి. ఇంట్లో కలిపినవి, సీలు లేనివి రేవులోనే పారబోయిస్తారు. పొద్దున బఫేలో పెరుగు ఉంటుంది. పండ్ల రుచులు కలిపినవి ముందు వరసలో మెరుస్తుంటాయి, వాటి పక్కన తెల్లగా ‘ప్లెయిన్’ అని రాసి ఉన్నది తీసుకోవాలి. ఒక గ్లాసులో రెండు గరిటెలు వేసి, ఫోర్కుతో తరకలు లేకుండా బాగా గిలకొట్టి, చల్లటి నీళ్ళు పోసి, ఉప్పు పొట్లం చింపి కలిపి, టీ బల్ల దగ్గర నిమ్మచెక్క ఉంటే పిండితే అత్తయ్యగారి మజ్జిగ తయారు. నీళ్ళు రెండుసార్లుగా పోయాలి, ఒక్కసారే పోస్తే పెరుగు పైకి తేలుతుంది. అల్లం తురిమి వేసుకునే అలవాటుంటే శొంఠిపొడి సీలున్న చిన్న ప్యాకెట్టు పెట్టుకోండి. రాత్రి భోజనశాలలో మొదటి రోజే వడ్డించేవాళ్ళకు ‘ఈవిడకు రోజూ మామూలు పెరుగు కావాలి’ అని చెప్పి పెట్టండి. ఓడల్లో గోవా, కేరళ, ముంబయి వాళ్ళు చాలామంది పనిచేస్తారు. ఒకసారి చెబితే మర్నాటి నుంచి బల్ల మీదకు అదే వస్తుంది. మన వంటలు కూడా అడిగితే ముందురోజు చెప్పమంటారు, చేసిపెడతారు. పెరుగు గదిలోకి తెచ్చి చిన్న ఫ్రిజ్‌లో సాయంత్రం దాకా ఉంచకండి. చాలా గదుల్లో అది అంత చల్లగా ఉండదు.

వేరే ఓడలు ఎక్కేవాళ్ళకోసం రెండు ముక్కలు. కార్నివల్‌లో కూడా పెద్దవాళ్ళకు తలా ఒక వైన్ సీసా. సోడాలు మాత్రం మనిషికి పన్నెండు, 355 మి.లీ. లోపు డబ్బాలు, అట్టడబ్బాలే, ప్లాస్టిక్ సీసాలు కావు. డిస్నీ వాళ్ళు మాత్రం కాస్త ఉదారంగా తలా రెండు వైన్ సీసాలో ఆరు బీర్లో తెచ్చుకోనిస్తారు. నార్వీజియన్‌లో వైన్‌కు గదిలో తాగినా సరే సీసాకు రుసుము ఉంది, సోడాలు, జ్యూసులు వెంట తేనివ్వరు. మన దేశంలో 2022 జూన్‌లో విశాఖకు మొదటిసారి వచ్చిన కొర్డీలియా ఓడలోకి బయటి తిండి, బయటి పానీయాలు ఏవీ రానివ్వరు. ఊళ్ళో చుట్టాలెవరైనా అడిగితే అత్తయ్యగారు ఈ మాట చెప్పొచ్చు.

కొజుమెల్ సంగతి. టెకీలా కొనుక్కోండి, మంచిదే దొరుకుతుంది. అయితే తిరిగి ఓడ ఎక్కేటప్పుడు ఆ సీసా తీసుకుని రసీదు ఇస్తారు, చివరి రోజు మీ చేతికిస్తారు. ఓడలోని డ్యూటీ ఫ్రీ కొట్లో కొన్నదీ అంతే. దారిలో తాగడానికి పనికిరాదు, ఇంటికి తీసుకెళ్ళడానికే. గాల్వెస్టన్‌లో దిగాక 21 దాటిన ఒక్కొక్కరికీ ఒక లీటరు దాకా కేంద్రం వారి కస్టమ్స్ సుంకం ఉండదు. కానీ టెక్సాస్ రాష్ట్రం తన పన్ను తాను తీసుకుంటుంది. ‘డ్యూటీ ఫ్రీ’ అని రాసి ఉన్నా ఇది తప్పదు, చాలామంది అక్కడ ఇదేంటని ఆగిపోతారు. రాష్ట్ర మద్యం కమిషన్ వాళ్ళు టెర్మినల్‌లోనే బల్ల వేసుకుని ఉంటారు. సీసా చూపించి పన్ను, దానిపై చిన్న రుసుము కట్టి, స్టాంపు వేయించుకోవాలి. మొత్తం కలిపి కొద్ది డాలర్లే. ఎవరి సీసా వాళ్ళ చేతిలోనే ఉండాలి, మామయ్యగారిది మామయ్యగారే పట్టుకోమనండి. పాపను ఎత్తుకుని, బాబు చెయ్యి పట్టుకుని వచ్చే హడావుడిలో మీరు ఆ వరసలో నిలబడనక్కర్లేదు. మీవారిని, మామయ్యగారిని అక్కడ వదిలి, మీరూ అత్తయ్యగారూ పిల్లలతో కారు దగ్గరికి వెళ్ళిపోండి.